పాత ఇంగ్లీషు మాటల అసలు అర్థాన్ని, పుట్టుకను పట్టుకోవడం ఎలా?

మీ పాస్‌పోర్టు చేతికి అందే చోట ఉంటే ఒకసారి తెరవండి. రాష్ట్రపతి పేరిట హిందీలోనూ ఇంగ్లీషులోనూ అచ్చయిన ఒక వినతి లోపల కనిపిస్తుంది. ఇది ఉన్న మనిషిని ‘లెట్’ గానీ ఆటంకం గానీ లేకుండా స్వేచ్ఛగా వెళ్లనివ్వాలని అది కోరుతుంది. లెట్ అంటే అనుమతించడమని చిన్నప్పుడే నేర్చుకున్నాం. మరి లెట్ లేకుండా వెళ్లనివ్వమనడం ఏమిటి? నేను మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

అచ్చుతప్పు కాదు. అక్కడి లెట్ వేరే మాట. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘లేటన్’ అంటే వదలడం, పోనివ్వడం. ‘లెట్టన్’ అంటే అడ్డుకోవడం, జాప్యం చేయడం. ఈ రెండోది మనం రోజూ అనే ‘లేట్’కు దగ్గరి చుట్టం. లెట్టన్ అంటే ఒకరిని లేట్ చేయడమే. శతాబ్దాలు గడిచేసరికి రెండు క్రియలూ అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు ఉంటే వాడుక చాలాసార్లు ఎక్కువ కాలం భరించదు. అడ్డుకునే లెట్ వెనక్కి తగ్గి, చట్టాల భాషలోనూ టెన్నిస్ కోర్టులోనూ మాత్రమే తలదాచుకుంది.

ఇలాంటి మాటల గుట్టు విప్పడానికి ఇంగ్లండులో పుట్టి పెరగనక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు. పైగా తెలుగు చదువుకున్నవారికి ఇందులో అదనపు బలం ఒకటి ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలు మన నోట రోజూ ఆడుతుంటాయి, అవి ఇంగ్లీషుకు దూరపు బంధువులు. ఆ బలాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడితే బోల్తా పడతామో కూడా ఈ మెట్లలో చెబుతాను.

1. మాట ఏ కాలానిదో ముందు తేల్చుకోండి

పాత ఇంగ్లీషు అనగానే చాలామందికి షేక్‌స్పియర్ గుర్తొస్తాడు. నిజానికి ఆయనది ఆధునిక ఇంగ్లీషు తొలి దశ. భాషా చరిత్రకారుల లెక్కలో ప్రాచీన ఇంగ్లీషు అంటే సుమారు 450 నుంచి 1100 వరకు నడిచిన భాష. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చాయి. సుమారు 1500 వరకు సాగిన ఆ దశ మధ్యకాలపు ఇంగ్లీషు. ఆ తరువాతిది ఆధునికం.

ఈ విభజనతో పనేమిటంటే, ఒక్కో దశకు ఒక్కో నిఘంటువు ఉంది. ప్రాచీన దశకు బాస్‌వర్త్–టాలర్ నిఘంటువు, మధ్య దశకు మిషిగన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన మధ్యకాలపు ఇంగ్లీషు నిఘంటువు ఉన్నాయి. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాలం తెలియకుండా వెతకడమంటే పుట్టిన సంవత్సరం తెలియకుండా జననాల రిజిస్టరు తిరగేయడమే.

2. నిఘంటువు తెరవక ముందే వాక్యాన్ని రాసుకోండి

విడి మాటను పట్టుకుని వెతకవద్దు. అది ఏ వాక్యంలో కనిపించిందో ఆ వాక్యం మొత్తాన్ని, రాసిన సంవత్సరంతో సహా కాగితం మీద పెట్టండి. ఆ మాటకు ఇప్పటి అర్థం వేసి చదివితే వాక్యం ఎక్కడ కుంటుతోందో గుర్తు పెట్టండి. ఆ కుంటే చోటే మీకు ఆధారం.

రోమియో కోసం జూలియట్ బాల్కనీలో నిలబడి అనే మాటలో ‘వేర్‌ఫోర్’ ఉంది. ఎక్కడున్నావు రోమియో అని ఆమె వెతుకుతోందని మన కాలేజీ నాటకాల్లో చేయి నుదుటికి అడ్డం పెట్టి మరీ నటించేవారు. వేర్‌ఫోర్ అంటే ఎక్కడ కాదు, ఎందుకు. శత్రువంశపు పేరు పెట్టుకుని నువ్వు రోమియోవే ఎందుకయ్యావు అని ఆమె బాధ. తరువాతి మాటలన్నీ పేరు గురించే ఉండటం దీనికి సాక్ష్యం. ‘ఎక్కడ’ అని చదివితే ఆ మాటలకు పొంతన కుదరదు.

1611 నాటి బైబిల్ అనువాదంలో ‘సఫర్’ చాలాచోట్ల బాధపడటం కాదు, అనుమతించడం. చిన్నపిల్లలను నా దగ్గరకు రానివ్వండి అనే వాక్యంలో ఉన్నది ఆ సఫరే. షేక్‌స్పియర్ కాలంలో ‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడే, తక్షణమే. కష్టమైన మాటలు మనల్ని మోసం చేయవు. తెలియదని తెలుస్తుంది కాబట్టి వెతుకుతాం. మోసం చేసేవి తెలిసినట్టు కనిపించే ఇలాంటి మాటలే.

3. నిఘంటువును సరైన తీరులో చదవండి

ఈ పనికి వెన్నెముక ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు. లండన్‌లోని భాషాశాస్త్ర సంఘం 1857లో ఆ ఆలోచన మొదలుపెట్టింది. మొదటి భాగం 1884లో వెలువడి, మొదటి కూర్పు 1928లో పూర్తయింది. సంపాదకుడు జేమ్స్ మర్రే 1915లోనే కన్నుమూశాడు, పూర్తి నిఘంటువును చూడలేదు. దాని ప్రత్యేకత ఏమిటంటే, ప్రతి అర్థం కింద ఆ అర్థంలో మాటను వాడిన వాక్యాలు సంవత్సరాల వరుసలో ఉంటాయి. వేలమంది పాఠకులు పాత పుస్తకాలు చదివి చీటీల మీద రాసి పంపిన వాక్యాలవి. నేటి కూర్పుకు చందా కట్టాలి. మొదటి కూర్పు సంపుటాల స్కానింగ్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. త్వరగా చూడటానికి ఎటిమ్ఆన్‌లైన్ అనే వెబ్‌సైటు చక్కగా పనికొస్తుంది.

చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, అర్థాల కంటే ముందు తేదీలు చూడండి. ఏ అర్థం ఏ సంవత్సరంలో మొదట కనిపించిందో, ఏది ఎప్పుడు ఆగిపోయిందో చూస్తే మాట నడిచిన దారి దానంతటదే బయటపడుతుంది. రెండోది, మాట పుట్టుకను చెప్పే వ్యుత్పత్తి భాగంలో ఒక మాటకు ముందు నక్షత్రం గుర్తు ఉంటే అది ఎక్కడా రాసి దొరకని రూపం. బంధుభాషల్లోని రూపాలను పోల్చి పండితులు కట్టిన ఊహ. శాసనంలో దొరికిన మాటకూ ఈ నక్షత్రపు మాటకూ ఒకే విలువ ఇవ్వకూడదు. మూడోది, మొదటి తేదీ అంటే మాట పుట్టినరోజు కాదు. రాతలో దొరికిన తొలి రోజు. నోటి వాడుక అంతకు ముందే ఉండి ఉంటుంది.

4. పాత రూపాన్ని పైకి చదవండి

వీరుడు అనే అర్థంలో వాడే ‘నైట్’ ఇంగ్లీషు స్పెల్లింగులో పలకని కె, పలకని జి, హెచ్ ఎందుకున్నాయని మనలో ప్రతి విద్యార్థీ ఒకసారైనా విసుక్కునే ఉంటాడు. అవన్నీ ఒకప్పుడు పలికేవే. ప్రాచీన రూపం ‘క్నిహ్ట్’. అప్పటి అర్థం కుర్రాడు, పనివాడు. జర్మనులో దాని సోదరి ‘క్నెఖ్ట్’ ఇప్పటికీ పనివాడే. విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగు మెల్లగా బిగుసుకుంది. నోరు మాత్రం మారుతూనే పోయింది. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగు పాత ఉచ్చారణకు ఒక శిలాజం. పలకని అక్షరం కనిపిస్తే దాన్ని పలికి చూడండి, పాత మాట వినిపిస్తుంది.

ఇంకో చిక్కు. ప్రాచీన ఇంగ్లీషులో ‘థార్న్’ అనే అక్షరం ఉండేది, మన థ, ద ధ్వనుల కోసం. చేతిరాతలో అది వై అక్షరంలా మారిపోయింది. పాత దుకాణాల బోర్డుల మీద కనిపించే ‘యీ ఓల్డ్’లోని మొదటి మాట యీ కానే కాదు, మామూలు ‘ద’ మాత్రమే.

5. ధ్వని సూత్రంతో తూచండి

మన బలం పనికొచ్చేది ఇక్కడే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రకటించాడు. ఆ కుటుంబంలో ఇంగ్లీషు ఉన్న శాఖలో హల్లులు ఒక క్రమంలో మారాయని 1822లో జాకబ్ గ్రిమ్ సూత్రం కట్టాడు. దాన్ని మన మాటలతోనే నేర్చుకోవచ్చు.

పకారం ఫకారమైంది: పిత – ఫాదర్, పాదం – ఫుట్. తకారం థకారమైంది: త్రి – థ్రీ. దకారం టకారమైంది: దంతం – టూత్, ద్వి – టూ, దశ – టెన్. భకారంలోని ఒత్తు పోయింది: భ్రాత – బ్రదర్. ‘భరించు’లోని ధాతువూ ‘బేర్’ అనే క్రియా ఒకటే. మోయడం, ఓర్చుకోవడం అనే రెండు అర్థాలూ రెండుచోట్లా ఉన్నాయి. ఇక గకారం కకారమైంది: గోవు – కౌ. సంస్కృతంలో జ అయినది కూడా మూలంలో ఒక రకం గకారమే. కాబట్టి జానువు – నీ (మోకాలు), జ్ఞానం – నో (తెలుసుకోవడం). ‘ఆజానుబాహువు’ అన్నప్పుడల్లా ఇంగ్లీషు మోకాలు అందులో ఉంది. నీ, నో అనే మాటల స్పెల్లింగులో ముందున్న కె అక్షరం ఈ జకారానికి సాక్షి.

ఈ సూత్రం మరో పని కూడా చేస్తుంది. ఇంగ్లీషులో ఫుట్ ఉంది, పెడల్ కూడా ఉంది. టూత్ ఉంది, డెంటల్ ఉంది. ఫాదర్ ఉంది, పేటర్నల్ ఉంది. మారిన హల్లు ఉన్నది ఇంటి మాట. మారకుండా మన పాదం, దంతం, పిత లాగే ఉన్నది లాటిన్ నుంచి తరువాత తెచ్చుకున్న అరువు మాట. ఒక్క హల్లు చూసి స్వంతమో అరువో చాలాసార్లు చెప్పేయవచ్చు.

జాగ్రత్తలు రెండు. మొదటిది, ఈ పోలిక తత్సమాలకే చెల్లుతుంది. పల్లు, కాలు, నూరు, నాన్న ఈ కుటుంబానివి కావు. తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే ఆధారాలతో చూపాడు. అచ్చ తెలుగు మాటను ఇంగ్లీషు మాటతో పోల్చి చుట్టరికం కలపడం దారి తప్పడమే. రెండోది, అచ్చంగా ఒకేలా వినబడేది తరచుగా బంధువు కాదు. పారశీక ‘బద్’ ఉర్దూ మీదుగా మనకు బద్నాంలో వచ్చింది. ఇంగ్లీషు ‘బ్యాడ్’కు అర్థమూ అదే, ధ్వనీ అదే. అయినా రెండింటికీ సంబంధం లేదు. పారశీక మాట పాత రూపం ‘వద్’. వెనక్కి వెళ్లేకొద్దీ రెండూ దూరమవుతాయి. నిజమైన బంధువులు వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవుతారు. నేను ప్రతి మాటకూ మొదట పెట్టే పరీక్ష ఇదే.

6. ఏ దారిన వచ్చిందో చూడండి

1490లో కాక్స్టన్ ఒక పుస్తకం ముందుమాటలో చెప్పిన సంఘటన ఉంది. థేమ్స్ నదిలో గాలి పడిపోయి ఓడ కదలక కొందరు వర్తకులు ఒడ్డుకు దిగారు. ఒకాయన ఒక ఇంటికి వెళ్లి ‘ఎగ్స్’ కావాలన్నాడు. ఆ ఇల్లాలు, నాకు ఫ్రెంచి రాదయ్యా అంది. ఆయనకు కోపం వచ్చింది, ఆయనకూ ఫ్రెంచి రాదు మరి. ఇంకొకాయన ‘ఐరెన్’ కావాలన్నాడు. అప్పుడామెకు అర్థమైంది. రెండూ కోడిగుడ్లే. ఐరెన్ ప్రాచీన ఇంగ్లీషు వారసత్వం. ఎగ్ ఉత్తర ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల మాట. చివరికి వలస వచ్చిన మాటే గెలిచింది.

మాట మొదట్లో స్క ధ్వని వినిపిస్తే స్కాండినేవియన్ దారిని అనుమానించండి. స్కై, స్కిన్ అలా వచ్చినవే. ప్రాచీన ఇంగ్లీషులో ఆ ధ్వని ష అయిపోయింది. అందుకే షర్ట్, స్కర్ట్ ఒకే మూలపు కవలలైనా వేరు వేరు బట్టలయ్యాయి. ‘విండో’ కూడా ఆ దారినే వచ్చింది. ‘విండౌగ’, అంటే గాలి కన్ను. అంతకు ముందు ఇంగ్లీషువారికి కిటికీ అంటే ‘కన్ను రంధ్రం’ అనే సమాసం. మన గవాక్షం ఆవు కన్ను. వేల మైళ్ల దూరంలో ఇద్దరూ గోడకు కన్ను పెట్టారు. ఇది బంధుత్వం కాదు, మనుషులు ఒకేలా ఆలోచించడం. ఈ రెండింటినీ కలపకండి.

ఫ్రెంచి దారి గురించి అందరికీ తెలిసిందే: కొట్టంలో ఉన్నప్పుడు కౌ, పళ్లెంలోకి వచ్చాక బీఫ్. అయితే లాటిన్ మీదుగా వచ్చిన బీఫ్, ఇంట్లో ఉన్న కౌ, మన గోవు మూడూ ఒకే మూలపు మాటలని చాలామంది గమనించరు.

7. అర్థం ఎటు మళ్లిందో గుర్తించండి

తెలుగు భాషాశాస్త్రంలో అర్థవిపరిణామం చదివినవారికి ఈ మెట్టు సులువు. అదే పరికరం ఇక్కడా పనిచేస్తుంది.

అర్థవ్యాకోచానికి, అంటే అర్థం విస్తరించడానికి, మనకు నూనె ఉదాహరణ. నువ్వుల నెయ్యి నూనె అయింది, తరువాత వేరుశనగదీ కొబ్బరిదీ అన్నీ నూనెలే. ఇంగ్లీషు ‘ఆయిల్’ కథ అచ్చం ఇదే. గ్రీకు, లాటిన్ దారిలో దాని అసలు అర్థం ఆలివ్ నూనె మాత్రమే.

అర్థసంకోచానికి, అంటే అర్థం కుదించుకుపోవడానికి, ‘మీట్’. ప్రాచీన రూపం ‘మెటె’, అర్థం ఏ ఆహారమైనా. మిఠాయికి ‘స్వీట్‌మీట్’ అనే పేరులో మాంసం లేదు, ఆ పాత ఆహారం ఉంది. సంస్కృతంలో ఆహారమైన అన్నం మన దగ్గర ఉడికిన బియ్యానికి కుదించుకుపోయినట్టే ఇదీ. ‘స్టార్వ్’ మొదట్లో చనిపోవడం, తరువాత ఆకలితో చనిపోవడం, ఇప్పుడు ఆకలితో అలమటించడం.

జింక అనే అర్థంలో వాడే ‘డీర్’ దగ్గర కాసేపు ఆగుదాం. ప్రాచీన రూపం ‘దెఓర్’, అర్థం జంతువు. జర్మను ‘టీర్’ ఇప్పటికీ జంతువే. షేక్‌స్పియర్ లియర్ రాజు నాటకంలో పిచ్చివాడి వేషంలో ఉన్న ఎడ్గర్, ఎలుకలూ పందికొక్కులూ అలాంటి చిన్న ‘డీర్’ తన తిండి అంటాడు. జింక అని చదివితే ఆ వాక్యం నిలవదు. వేటలో ప్రధానమైన జంతువు జింక కావడంతో జంతువులన్నిటి పేరూ దానికే అంటుకుంది. ఇప్పుడు మన మృగం చూడండి. మృగరాజులో మృగమంటే జంతువు, మృగశిరలో మృగమంటే జింక. సంస్కృతంలో ఆ మాట కూడా వేట దారినే నడిచింది, మృగయ అంటే వేట కదా. తెలుగులోకి వచ్చాక మృగం మళ్లీ క్రూరజంతువు వైపు తిరిగింది. రెండు భాషల్లో సంబంధం లేని రెండు మాటలు ఒకే కారణంతో ఒకే మలుపు తిరిగాయి. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టించింది ఈ ఒక్క జత.

గౌరవం పోగొట్టుకున్న మాటలకు ‘సిల్లీ’ ఉదాహరణ. మొదట ధన్యుడు, తరువాత అమాయకుడు, ఆపైన జాలిపడదగినవాడు, చివరికి తెలివితక్కువవాడు. ఛందస్సు అంటే వేదం, వేదం తెలిసినవాడు ఛాందసుడు. ఇప్పుడా మాట ఎవరినైనా అని చూడండి. దీనికి ఎదురు నడక ‘నైస్’ది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం ఏమీ తెలియనివాడు. ఇంగ్లీషులో మొదట మూర్ఖుడై, తరువాత అతి నాజూకై, సూక్ష్మమై, 18వ శతాబ్దానికి బాగున్నదిగా స్థిరపడింది.

8. కథ ఎంత బాగుంటే అంత అనుమానించండి

‘న్యూస్’ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని, నాలుగు దిక్కుల నుంచి వచ్చేది కాబట్టి వార్త అని మనలో ఎందరికో బడిలో చెప్పారు. నాకూ చెప్పారు, నేనూ ఇంకొందరికి చెప్పాను. అది నిజం కాదు. కొత్త అనే అర్థమిచ్చే ‘న్యూ’కు బహువచనం అది, కొత్త సంగతులని అర్థం. ఫ్రెంచిలో అప్పటికే అలాంటి వాడుక ఉంది. పాత రాతల్లో దాని స్పెల్లింగులో నాలుగు కాదు, ఐదు అక్షరాలు కనిపిస్తాయి. ఐదో దిక్కు ఎక్కడి నుంచి తెస్తాం? పొడి అక్షరాలతో మాటలు కట్టే అలవాటు 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు. కాబట్టి పాత మాటకు ఎవరైనా అక్షరాల విడదీత చెబితే తేదీ అడగండి.

జనం తమకు తెలిసిన మాటతో పోల్చి తెలియని మాటకు అర్థం చెప్పుకోవడాన్ని లోకనిరుక్తి అంటారు. చక్కెరకేళి చక్రకేళి అయింది ఇలాగే. ముంగిస పేరును మరాఠీ మీదుగా ‘మంగూస్’గా తీసుకున్న ఇంగ్లీషువారు దాని చివర గూస్ అనే బాతుజాతి పక్షిని విని, బహువచనం ఏమి రాయాలో తెలియక తికమకపడ్డారు. పక్షితో దానికి పనిలేదు. ఇక పందికొక్కు నేరుగా తెలుగు నుంచే వెళ్లి ‘బ్యాండికూట్’ అయింది. ఆస్ట్రేలియాలో దానితో ఏ చుట్టరికమూ లేని, పిల్లలను సంచిలో మోసే ఒక జంతువుకు ఆ పేరే పెట్టారు. ఇంగ్లీషు నిఘంటువులో తెలుగు అని గుర్తించిన మాట కనిపించినప్పుడు కలిగే సంతోషం సహజమే. ఆ సంతోషంతో ప్రతి మాటనూ తెలుగే అనడం మాత్రం న్యూస్ కథ కంటే మెరుగైనది కాదు.

9. ఒక్కో మాటకు ఒక చీటీ రాయండి

చీటీ మీద ఇవి చాలు: వాక్యం, సంవత్సరం, అప్పటి అర్థం, అంతకు ముందున్న రూపం, వచ్చిన దారి, అర్థం మళ్లిన తీరు, ఏ నిఘంటువు చెప్పింది. తెలుగులో సమాంతరం తట్టితే చివర వేరే రంగు సిరాతో రాయండి, ఆధారంతో కలిసిపోకుండా. తెలుగు వైపు సరిచూసుకోవడానికి ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.

కొన్ని చీటీల్లో ఒక గడి ఖాళీగా ఉంటుంది. అలాగే ఉంచండి. ‘గర్ల్’ సుమారు 1300లో రాతలోకి వచ్చినప్పుడు ఆడైనా మగైనా పిల్లలే. మన దగ్గర పిల్లలు అంటే అందరూ, ‘ఆ పిల్ల’ అంటే అమ్మాయి అయినట్టు అది కూడా తరువాత ఒకవైపుకు ఒరిగింది. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదు. కుక్కకు ప్రాచీన ఇంగ్లీషులో మామూలు మాట ‘హుండ్’. అదే నేటి ‘హౌండ్’, సంస్కృత శ్వానానికి బంధువు. దాన్ని పక్కకు నెట్టి నిలబడిన ‘డాగ్’కు బంధుభాషల్లో పాత చుట్టం ఒక్కటీ దొరకలేదు. నా పెట్టెలో డాగ్ చీటీ మీద మూలం అనే గడి ఇప్పటికీ ఖాళీ.